పడవ ఎముక

పిండిపట్టీ చుట్టను బకెట్లో నిలువుగా ముంచి నూకాలు బుడగల కోసం చూస్తోంది. గోరువెచ్చని నీళ్లలోంచి బుడగలు మొదట గుంపుగా లేచాయి. తర్వాత ఒకటీ అరా వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. బుడగలు వస్తుండగా తీస్తే చుట్ట నడుమ పిండి పొడిగా మిగిలిపోతుంది. ఆగాక కూడా వదిలేస్తే పిండంతా నీళ్లపాలవుతుంది. ఆమె చుట్టను రెండు చివర్లా పట్టుకుని, మెలిపెట్టకుండా లోపలికి నొక్కి, నీళ్లు ఓడ్చి అర్జునరావు చేతిలో పెట్టింది.

అర్జునరావు ఈ ఆసుపత్రిలో చాలాకాలంగా పిండికట్లు వేస్తున్నాడు. మాట తక్కువ మనిషి. నూకాలు అతని దగ్గర కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. నీళ్లు పట్టి తేవడం, దూది చుట్టలు అందించడం, రాలిన పిండి ఎండక ముందే నేల తుడవడం ఆమె పనులు. అసలు పని మాత్రం పట్టుకోవడం. డాక్టరు ఏ వంపులో పెట్టి వెళ్తే ఆ వంపులో, కట్టు బిగిసేదాకా ఆ చెయ్యినో కాలునో కదలకుండా పట్టుకోవాలి. ఇప్పుడు బల్ల మీద కూర్చున్న ముసలామె ముంజేతిని అలాగే పట్టుకుంది.

“ఏడెక్కుద్ది మామ్మా, బయపడకు,” అంది నూకాలు. “కాసేపే. మల్లీ సల్లారిపోద్ది.”

ముసలామె తల ఊపింది. చాలామంది ఆ వేడికే బెదిరి చెయ్యి లాక్కోబోతారు. ముందే చెప్పి ఉంచితే ఓర్చుకుంటారు. ఆ మాట ఎవరూ చెప్పమనలేదు. నూకాలు తనంతట తనే మొదలుపెట్టింది.

నూకాలుకి నలభై దాటాయి. పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. చిన్నతనం నుంచీ చేపల గంప మోసినందువల్ల మెడ నిటారుగా బిగుసుకుని ఉంటుంది. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. నడినెత్తిన చుట్టకుదురు కూర్చునే చోట జుట్టు పలచబడింది. తల్లి వెంట ఉక్కునగరం సెక్టార్లలో చేపలమ్మిన మనిషి. తల్లి పోయాక ఒక్కతే అమ్మింది. క్వార్టర్లలో ఉద్యోగులు ఒక్కొక్కరే రిటైరై ఖాళీ చేసి వెళ్లిపోతుంటే, తాళాలు వేసిన గుమ్మాల ముందు కేకలు వేసి వేసి విసిగిపోయి, ఎవరో చెబితే ఈ పనిలో చేరింది. ఇంటికి వెళ్లేసరికి ఇదివరకు చేపల వాసన వచ్చేది, ఇప్పుడు గోళ్ల సందుల్లో తెల్లటి పిండి ఉంటుంది. ఆ పిండి అన్నం కలిపేటప్పుడు కనబడుతుందని గోళ్లు మొదలంటా కత్తిరించుకుంటుంది.

ముసలామెను పంపించాక డాక్టర్ మధులత లోపలికి వచ్చింది. ఎముకల విభాగంలో చదువుకుంటూ పనిచేస్తున్న పిల్ల. ఆమె వెనకాల యాభై ఏళ్ల మనిషి ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని వచ్చాడు. సీతారామాంజనేయులు అనే స్కూలు మాస్టారు. ఆనందపురంలో ఉంటాడు. స్కూటరు జారి అరచెయ్యి ఆనించి పడ్డాడు.

“అర్జునరావుగారూ, స్కేఫాయిడ్ కట్టు,” అంది మధులత.

బకెట్లో నీళ్లు మార్చబోతున్న నూకాలు ఆగింది.

ఆ మాట ఆమెకు తెలుసు. తెలిసినందువల్లే పొద్దుటి నుంచీ మనసు నిలవడం లేదు.

పోలిరాజు, ఆమె మొగుడు, వేట నిషేధం మొదలైన కొత్తలో పడ్డాడు. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఎవరూ సముద్రంలోకి పోకూడదు; అప్పుడే బోట్లను ఒడ్డుకు లాగి మరమ్మతులు చేస్తారు. అప్పలరాజు సరంగుగా నడిపే చెక్కబోటులో పోలిరాజు పెళ్లికి ముందు నుంచీ వల లాగే కలాసీ. బోటు పక్కన నిచ్చెన మీద నిలబడి చెక్కల సందుల్లో నూలు కూరుతుండగా నిచ్చెన జారింది. కుడి అరచెయ్యి ఆనించి పడ్డాడు. వాపు పెద్దగా రాలేదు. బెణుకన్నారు. వాళ్ల జాలరిపేటలో ఒకాయన నూనె రాసి తోమాడు. నొప్పి తగ్గింది కానీ, చెంబు పట్టుకుంటే జారిపోయేది. కొన్నాళ్లు చూసి నూకాలే ఆసుపత్రికి లాక్కొచ్చింది. మధులత అతని చేతిని తిప్పి, బొటనవేలి మొదట్లో పడే గుంటలో వేలు పెట్టి నొక్కింది. తుపానులో తాడు తెగి వీపు మీద కొట్టినా అరవని మనిషి అబ్బా అన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఓపీ అయిపోయాక నూకాలు అడిగింది, అంత చిన్న దెబ్బకి మూడు నెలల కట్టు ఎందుకని. మధులత విసుక్కోలేదు. ఆ పిల్ల ఉక్కునగరంలోనే పుట్టి పెరిగింది. తండ్రి కృష్ణాజిల్లా నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చినవాడు. వాళ్ల సెక్టారులో నూకాలు ఏళ్లతరబడి తిరిగింది కానీ వాళ్ల గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. వాళ్లు చేపలు తినరు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఇద్దరికీ ఒక చనువు. మధులత చదువుకునే గదిలో ఎముకల పెట్టె తీసి, అందులోంచి చిన్న ముక్కను ఏరి నూకాలు అరచేతిలో పెట్టింది.

జీడిపప్పు కన్నా కాస్త పెద్దది. బరువు లేదు. ఒక పక్క నున్నగా గుంటపడి ఉంది. రెండు కొనలూ కొంచెం పైకి లేచి ఉన్నాయి.

“దీని పేరేంటో తెలుసా నూకాలమ్మా? పడవ ఎముక,” అంది మధులత. తర్వాత వివరంగా చెప్పింది. స్కేఫే అంటే పూర్వం గ్రీకువాళ్ల మాటల్లో తొలిచి గుల్ల చేసినది ఏదైనా సరే. తొట్టి అయినా అదే, మాను తొలిచి చేసిన దోనె అయినా అదే. పాదంలో దోనెలాంటి ఎముక ఒకటి ఉంటే దానికి ఆ పేరు పెట్టారు. చాలాకాలం తర్వాత చేతిలోని దానికీ అదే పేరు వచ్చింది. లాటిన్ రాసుకునేవాళ్లు అదే అర్థం తమ మాటలో పెట్టి నావిక్యులర్ అన్నారు, చిన్న పడవ అని. రెండు పేర్లూ రెండు ఎముకలకీ కొన్నాళ్లు కలగాపులగంగా నడిచాయి. ఇప్పుడు చేతి ఎముకకు గ్రీకు పేరు, కాలి ఎముకకు లాటిన్ పేరు మిగిలాయి. ఏ దేశంవాడు చూసినా వాడికి పడవే కనబడింది, అంది నవ్వుతూ.

నూకాలు లెక్క వేసుకుంది. చేతులకు రెండు, కాళ్లకు రెండు.

ఆ తర్వాత మధులత చెప్పింది, మూడు నెలలు ఎందుకో. మిగతా ఎముకలకు రక్తం అన్ని పక్కల నుంచీ అందుతుంది. దీనికి ముందు కొన నుంచే ఎక్కువగా లోపలికి వెళ్తుంది. నడుము దగ్గర విరిగితే వెనక సగానికి రక్తం సరిగా అందదు. కదపకుండా ఉంచితే మెల్లగా అతుకుతుంది. కదిపితే అతకదు, ఆ సగం ఎండిపోతుంది. ఎండిపోతే చేతికి పట్టు ఉండదు, బరువు లాగలేడు.

నూకాలు ఈ మాటలన్నీ ఇంటికి మోసుకెళ్లింది. దెబ్బ తగిలిన దగ్గర్నుంచీ పోలిరాజు నోరు విప్పడం మానేశాడు. పొద్దస్తమానం గుమ్మంలో కూర్చుని, తెల్లటి కట్టును ఒళ్లో పెట్టుకుని చూసుకునేవాడు. నీ చేతిలో పడవ ఉందంట, దాని నడుము ఇరిగిందంట, మనిషికి నాలుగు పడవలంట అని ఆమె చెబితే మొదట నమ్మలేదు. తర్వాత ఎడం చేత్తో కాళ్లు తడుముకున్నాడు.

“నాలుగు బోట్లు నావేనా? మరి కలాసీగా ఎందుకున్నానే? ఓనర్నే గదా నాను.”

అని నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. అచ్యుతాపురం బట్టల కంపెనీలో పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటున్న కూతురు సూర్యకళకు ఫోన్ చేసి, మీ నాయన ఇప్పుడు బోటు ఓనరని చెప్పుకున్నాడు. అతన్ని నవ్వించినందుకు నూకాలుకి ఆ రాత్రి ఎంతో తృప్తిగా అనిపించింది.

ఆ వేసవి అంతా ఆమెకు బాగానే గడిచింది. ఇది ఎవరికీ చెప్పుకునే మాట కాదు. కుడిచేతికి కట్టు పడ్డ మొగుడికి అన్నం కలిపి పెట్టాలి. మొదట్లో సిగ్గుపడి ఎడం చేత్తో చెంచా పట్టి సగం కింద పోసుకునేవాడు. తర్వాత నోరు తెరిచేవాడు. కట్టుకు ప్లాస్టిక్ కవరు తొడిగి, దారం చుట్టి, ఆమే నీళ్లు పోసేది. చొక్కా గుండీలు పెట్టేది. ఎప్పుడూ వేటకో, బోటు పనికో, జెట్టీలో కబుర్లకో పోయే మనిషి ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉండేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని కోసం ఆమె ఎదురుచూడని రోజులు అవే.

నిషేధం నిన్నటితో ముగిసింది. కట్టు విప్పడానికి ఇంకా నెల పైనే ఉంది. తెల్లవారేసరికి బోట్లు వరసగా హార్బరు దాటిపోయాయి. అప్పలరాజు బోటు మాత్రం జెట్టీలోనే ఉండిపోయింది. అన్ని బోట్లూ ఒక్కసారే ఐసు కోసం ఎగబడేసరికి దీనికి ఐసు దొరకలేదు. ఇంకో మనిషీ దొరకలేదు. మొదటి వేటకు ఎక్కినవాళ్లే ఆ ఏడంతా ఆ బోటు కలాసీలు. మధ్యలో వచ్చి చేరడం ఉండదు. మొన్న సాయంత్రం అప్పలరాజు ఇంటికి వచ్చి కూర్చున్నాడు. వానల గురించి, డీజిల్ గురించి, ఎవరి కూతురి పెళ్లి గురించో మాట్లాడాడు. కట్టు వైపు చూడలేదు. లేచి వెళ్లేటప్పుడు మాత్రం, “నీ జాగా ఇంకా ఎవులికీ ఇవ్వలేదు బావా. సూద్దాం,” అన్నాడు.

ఆ చివరి మాట ఇంట్లో ఉండిపోయింది. నూకాలు రెండు రోజులుగా దాని చుట్టూ తిరుగుతోంది.

“నూకాలూ, నీల్లు,” అన్నాడు అర్జునరావు.

ఆమె తెప్పరిల్లి బకెట్ నింపింది. బీరువా కింది అర తెరిచి స్టీలు గ్లాసు తీసింది. ఈ కట్టుకు చెయ్యి గ్లాసు పట్టుకున్నట్టు ఉండాలి. బొటనవేలు ఎదురుగా, మిగతా వేళ్లు వంగి, మణికట్టు కొంచెం వెనక్కి. నోటితో చెబితే ఎవరికీ కుదరదు. గ్లాసు ఇస్తే చెయ్యి దానంతటదే ఆ వంపుకి వస్తుంది. ఇదివరకు ఏదో పాత ప్లాస్టిక్ గ్లాసు ఉండేది. అది పగిలాక నూకాలు తన ఇంటి నుంచి ఈ గ్లాసు తెచ్చి పెట్టింది. పోలిరాజు కట్టుకు కూడా ఇదే. రోజూ తాను నీళ్లు తాగిన గ్లాసు ఆసుపత్రిలో చూసి అతను ముఖం చిట్లించాడు.

మాస్టారు గ్లాసు పట్టుకున్నాడు. అర్జునరావు ముందు దూది చుట్టి, దాని మీద తడి పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు. ముంజేతి మీంచి అరచేతి మీదికి, బొటనవేలి మొదట్లోంచి పైకి, మళ్లీ వెనక్కి. పొరకీ పొరకీ మధ్య అరచేత్తో రాస్తున్నాడు. తెల్లటి నీళ్లు మాస్టారి మోచేతి మీంచి నూకాలు వేళ్ల మీదికి కారుతున్నాయి.

“ఎడం చెయ్యి గనుక బతికిపోయానండీ,” అన్నాడు మాస్టారు. గోదావరి వైపు యాస. “సుద్దముక్క పట్టుకోవడానికి కుడిచెయ్యి ఉందిగదా. మరీ తప్పకపోతే సెలవు పెట్టేత్తాను.”

సెలవు అన్న మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడో నూకాలు విన్నది. ఆమెకు కోపం రాలేదు. ఆ మాట బోట్లో ఉండదు, అంతే.

మధులత కాగితం రాస్తూ జాగ్రత్తలు చెబుతోంది. వేళ్లు ఆడిస్తూ ఉండాలి. చెయ్యి కిందికి వేలాడదీయకూడదు. కట్టుకు నీళ్లు తగలకూడదు. తడిస్తే మెత్తబడిపోతుంది, లోపల ఎముక కదులుతుంది, అప్పుడు కట్టు ఉన్నా లేనట్టే.

నూకాలు వేళ్ల కింద మాస్టారి కట్టు వేడెక్కింది. వేడెక్కుతుందని ఆమె ముందుగా చెప్పలేదు. మాస్టారు ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. అప్పుడు కూడా చెప్పలేదు.

పొద్దున పోలిరాజుకి చొక్కా తొడుగుతుంటే కట్టు అంచు ఆమె వేలికి మెత్తగా తగిలింది. అరచేతి దగ్గర పట్టీ నూలు పైకి లేచింది. ముంజేతి చుట్టూ సన్నటి తెల్లని గీత. పిండి తెలుపు కాదు, గరగరలాడే తెలుపు. అడిగితే, నీళ్లు పోసుకున్నప్పుడు తడిసుంటుందిలే అన్నాడు. కవరు ఆమే కట్టింది, ఆమే విప్పింది. లోపల చుక్క నీరు లేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందని ఆమె ఇంకేమీ అనలేదు. బస్సెక్కాక వేలు నోటి దగ్గరికి వచ్చినప్పుడు ఉప్పగా తగిలింది. చెమట అనుకుంది.

అంతకు ముందు ఒక సాయంత్రం అతను అడిగిన మాట కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. ఎదురుగా సముద్రం.

“సగం ఎండిపోద్దన్నారు గదే ఆ డాట్రమ్మ? ఎండిన బోటుకి ఏటి సేత్తారు?”

వేళాకోళం ఆడుతున్నాడనుకుని ఆమె, నూలు కూరతారు, తారు పూస్తారు అంది. అతను కాదన్నట్టు తల ఊపాడు.

ఎండిన బోటుకి ఏం చేస్తారో ఆమెకు తెలియనిది కాదు. పేటలో పుట్టినవాళ్లందరికీ తెలిసిందే. చెక్కబోటును ఎక్కువ కాలం ఒడ్డున ఎండలో ఉంచితే చెక్క ముడుచుకుంటుంది. సందులు తెరుచుకుంటాయి. ఎంత నూలు కూరినా ఆ సందులు పూర్తిగా కలవవు. నీళ్లలోకి దింపాలి. మొదటి రోజు నీరు లోపలికి కారుతుంది, తోడిపోస్తారు. చెక్క నీళ్లు తాగి పొంగుతుంది. మర్నాటికి సందులు వాటంతటవే మూసుకుంటాయి. నూకాలు తండ్రి అలా దింపిన బోటులో రాత్రంతా కూర్చుని నీళ్లు తోడిపోసేవాడు.

కట్టు చల్లారింది. అర్జునరావు మాస్టారి చేతిలోంచి గ్లాసు మెల్లగా లాగేశాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది, దేన్నో పట్టుకున్నట్టు.

మాస్టారు వెళ్లిపోయాక నూకాలు మధులత వెనకాల వసారాలోకి నడిచింది. ఎలా అడగాలో తెలియక కొంగు చేతికి చుట్టుకుంది.

“డాట్రమ్మా. ఎండిపోయే ఎముకకి నీల్లు తగిలితే పొంగుద్దా?”

మధులత నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగింది. పొంగదు, ఎముకకి కావలసింది రక్తం కదా అంది. ఏమైందని అడిగింది. నూకాలు చెప్పింది. చెబుతున్నంతసేపూ మధులత వైపు చూడలేదు, తన గోళ్లలోని పిండిని చూసుకుంది. అతనికి పడవని చెప్పింది నేనే, ఎండిపోతుందని చెప్పిందీ నేనే అని చివర్న అంది.

ఆ పేరు తను చెప్పకపోతే బాగుండేదేమోనని మధులతకూ అనిపించినట్టుంది. “రేపు పొద్దున్నే తీసుకురా. కొత్త కట్టు వేద్దాం. ఇంకా ఏం కాలేదు, భయపడకు,” అంది.

ఇంకా ఏం కాలేదు. నూకాలు ఆ మాట పట్టుకుని పోలిరాజుకు ఫోన్ చేసింది. మోగింది. ఎవరూ తియ్యలేదు. మళ్లీ చేసింది. ఎడం చేత్తో తియ్యడం అతనికి ఆలస్యమవుతుందని తనకు తనే చెప్పుకుంది. పక్కింటి పోతమ్మకు చేస్తే ఆమె కూడా తియ్యలేదు. ఆ వేళప్పుడు పోతమ్మ జెట్టీలో ఉంటుంది.

అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసింది. పొద్దున అతనికి అన్నం, కూర వడ్డించి, పళ్లెం మీద పళ్లెం బోర్లించి వచ్చింది. మధ్యాహ్నం పోతమ్మ వచ్చి కలిపి తినిపించాలి. ఈపాటికి తిన్నాడో లేదో.

తర్వాత ఒక లారీ డ్రైవరుకు కాలి కట్టు. ఆ తర్వాత కట్టు విప్పించుకోవడానికి వచ్చిన ఆడమనిషి. రంపం మోతకు ఆమె కళ్లు మూసుకుంటే నూకాలు భుజం పట్టుకుంది. కట్టు రెండుగా విడిపోయింది. లోపలి చెయ్యి సన్నగా, పాలిపోయి, చర్మం పొరలు లేచి బయటపడింది. ఆడమనిషి తన చెయ్యిని తానే గుర్తుపట్టనట్టు చూసుకుంది. కట్టు ముక్కలను నూకాలు చెత్తబుట్టలో పడేసింది. రోజూ పడేసేవే. ఈ రోజు అవి బుట్టలో పడ్డ చప్పుడు వినబడింది.

అర్జునరావును అడిగి ముందుగా బయలుదేరింది. మధులత అతనికి చెప్పినట్టుంది, ఎందుకని అడగలేదు. రేపు ఓపీ తెరవక ముందే తీసుకురమ్మని మాత్రం అన్నాడు. ఆటోలో కూర్చుని మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి మోగలేదు. ఆమె ప్రయత్నిస్తున్న చందాదారుడు అందుబాటులో లేడని ఒక ఆడగొంతు చెప్పింది. ఆ గొంతు మళ్లీ ఇంగ్లీషులో చెప్పింది, హిందీలో చెప్పింది. నూకాలు మూడూ విని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. బోటు ఒడ్డు దాటి సిగ్నలు అందని నీళ్లలోకి వెళ్లాక, ప్రతి వేటలోనూ, పేటలో ఆడవాళ్లందరికీ సమాధానం చెప్పే గొంతే అది.

చార్జింగు అయిపోయి ఉంటుందని అనుకోవడానికి ప్రయత్నించింది.

ఆటో దిగి సందులోకి తిరిగేసరికి పోతమ్మ గుమ్మంలో కూర్చుని చేపల బుట్ట కడుగుతోంది. నూకాలును చూడగానే లేచి నిలబడింది. తడిచేతులు చీరకు తుడుచుకుంది. అడగకుండానే చెప్పింది.

మధ్యాహ్నానికి ఐసు లారీ వచ్చిందట. అప్పలరాజు కబురు పంపాడట. అంతకు ముందే పోలిరాజు ఒడ్డుకు వెళ్లి కెరటాల్లో చెయ్యి ముంచి కూర్చున్నాడట. రెండు మూడు రోజుల నుంచీ నూకాలు డ్యూటీకి వెళ్లగానే అలాగే చేస్తున్నాడట. సరదాకి చేస్తున్నాడు కాబోలని అందరూ అనుకున్నారు. ఈ రోజు చాలాసేపు కూర్చున్నాడు. కట్టు బాగా నానాక చేపల కత్తి పెట్టి తనే కోసుకున్నాడు. వద్దన్నా వినలేదు.

“నాను సెప్పినాను ఒదినా, నూకాలొదిన వచ్చీదాకా ఆగన్నా అని,” అంది పోతమ్మ. “ఎండబెట్టిన బోటు నీల్లు తాగితే గాని కలవదని దానికి తెలీదా, జాలారోల పిల్లే గదా అన్నాడు. నొప్పి లేదంట. సెయ్యి ఇలాగ తిప్పి సూపించాడు.”

పోతమ్మ తన మణికట్టు తిప్పి చూపించింది. నూకాలు ఆ చేతిని చూసింది.

“తిన్నాడా?” అని అడిగింది.

“తిన్నాడు. సొంతంగా కలుపుకుని తిన్నాడు.” పోతమ్మ గొంతు తగ్గించింది. “కట్టు మాత్రం పారెయ్యొద్దన్నాడు. ఆసుపత్రిది గదా, నువ్వు పట్టుకెల్లి ఇచ్చీయాలంట. ఎవులికైనా పనికొత్తాదన్నాడు.”

సందు చివర సముద్రం కనబడుతోంది. దూరంగా మూడు నాలుగు బోట్లు ఉన్నాయి. ఇంత దూరం నుంచి ఏది ఎవరిదో తెలియదు. ఈ సరికి అప్పలరాజు బోటు వాటిలో ఉందో, అవి కూడా దాటి వెళ్లిపోయిందో. రెండు వారాలకు గాని తిరిగి రారు. ఈలోపు వల దింపాలి, లాగాలి, మళ్లీ దింపాలి. తాడు అరచేతుల్లోంచి, బొటనవేలి మొదట్లోంచి వెళ్తుంది. పరుగెత్తుకు వెళ్లి ఆపడానికి జెట్టీలో ఇప్పుడు ఏమీ లేదు. ఆమె ఇంట్లోకి వెళ్లింది.

పళ్లెం కడిగి బోర్లించి ఉంది. అతను పళ్లెం కడగడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక మూల కవరు, దారం, ఆమె పొద్దున విప్పి పెట్టిన చోటే ఉన్నాయి. పొద్దున ఆమె తొడిగిన చొక్కా మేకుకు వేలాడుతోంది. గుండీలన్నీ విప్పి ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. వేటకు వేసుకునే పాత బనీను, లుంగీ లేవు.

కూతురికి ఫోన్ చేయాలనుకుంది. మీ నాయన వేటకెళ్లాడంటే సూర్యకళ సంతోషిస్తుంది, చెయ్యి బాగైపోయిందా అంటుంది. ఫోన్ తీసి పక్కన పెట్టింది.

పెరట్లో నీళ్లు పోసుకునే చోట, మోకాలెత్తు గోడ మీద కట్టు ఎండబెట్టి ఉంది. నూకాలు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆసుపత్రిలో రంపంతో కోసినంత శుభ్రంగా, ఒక పక్క ముంజేతి వెంబడి, ఇంకో పక్క బొటనవేలి మీదుగా కోసి, రెండు డొప్పలుగా విడదీశాడు. లోపలి దూది పీకేసి మంచినీళ్లతో కడిగాడు. ఉప్పు గీత పోయింది. మెత్తబడిన చోట్లు ఎండకు మళ్లీ బిగుసుకుంటున్నాయి. తిరిగి ఇచ్చెయ్యవలసిన వస్తువును ఎంత మర్యాదగా ఇవ్వాలో అంత మర్యాదగా పెట్టి వెళ్లాడు.

కొత్త కట్టు ఎప్పుడూ మనిషిని బట్టి కొత్తగానే వేస్తారని, ఒకరిది ఇంకొకరికి పట్టదని ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు. అడగలేదు కనుక చెప్పలేదు.

ఆమె గోడ పక్కన కింద కూర్చుంది. పోతమ్మ ఇంట్లో ఎవరో నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు. సముద్రం మీంచి గాలి వచ్చినప్పుడల్లా కింది డొప్ప గుండ్రటి అడుగు మీద కొద్దిగా ఊగి, మళ్లీ నిలబడుతోంది. దాని లోపల, కడిగిన నీళ్లు చారెడు ఇంకా మిగిలి ఉన్నాయి. బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య, ఒక గ్లాసు పట్టేంత ఖాళీ అలాగే ఉంది.